నాటకసంగీతమునఁ బునరుక్తి

చెప్పినదే చెప్పుట వ్యాసమున దోషము. సంగీతమున నట్లుగాదు. కచేరి వినునపుడు “పాడినదే పాడుచున్నారేమి?” యని మన విద్యార్థులలో ననేకులు విసువుకొందురు. కావునఁ బునరుక్తి యెట్లు గుణమగునో సంగ్రహముగా వివరింతుము.

పునరుక్తి రెండు విధములుగాఁ బనిచేయును. మొదటిది పెంపు. త్యాగయ్య (1767–1847) కృతులలోఁ బల్లవి మొదట సాదాగా వినఁబడి, పిదప సంగతివెంట సంగతిగా విస్తరించును. మాటలు మాఱవు, స్వరములు చిగురించును. రెండవది జ్ఞాపకము. దేవరగట్టు పరిసరములవారికి విజయదశమి రాత్రి వాద్యధ్వని చెవినిఁ బడఁగానే కొండయు, దివిటీలును కన్నులఁ గట్టును. ఈ రెంటిని గలిపి కథ నడపుటయే పాశ్చాత్య గేయనాటకకర్తల విద్య.

జర్మనీదేశీయుఁడగు వాగ్నరు (1813–1883) రచించిన ‘ఉంగరము’ నాలుగు నాటకముల మాల. అది 1876లో బైరాయిటు పట్టణమున సంపూర్ణముగాఁ బ్రదర్శింపఁబడెను. అందు ఖడ్గమునకు, ఉంగరమునకు, వీరునకు వేర్వేఱు స్వరవరుసలు గలవు. సీగ్‌ఫ్రీడు యౌవనమున కొమ్ముబూరతో నూఁదిన యుల్లాసపు వరుసయే యతని శవయాత్రలో గంభీరమై మరల వినఁబడును. అప్పుడు రంగమున నెవ్వరును బాడకున్నను శ్రోతకు వీరుని జీవితమంతయు స్ఫురించును.

బెర్గు రచించిన ‘వొట్సెక్’ (1925) నందు హత్యాఘట్టమంతయు నొకే స్వరము నాశ్రయించి యుండును. మన తంబురశ్రుతి మనస్సును నిలుపును. ఆ స్వరమో భయమును బెంచును. అమెరికాదేశీయుఁడగు ఫిలిప్ గ్లాసు పారిసునగరమున రవిశంకరుతోఁ బనిచేసి, మన తాళపద్ధతివలన నెంతయో గ్రహించెను. గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా యుద్యమముపై నాతఁడు రచించిన ‘సత్యాగ్రహ’ (1980) లోఁ జిన్న వరుసలు పలుమాఱు తిరుగుచు, మెల్లమెల్లగా రూపు మార్చుకొనును.

ఇఁక మన రంగస్థలము. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953వఱకు బళ్ళారిజిల్లాలోనివి. ఆ బళ్ళారిలోనే ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) తెలుఁగు నాటకమునఁ బాటలకును బద్యములకును బెద్దపీట వేసిరి. తరువాతఁ బ్రేక్షకులలో ‘వన్సుమోరు’ కేకలు ప్రబలెను. చచ్చిపడిన పాత్రయు లేచి పద్యమును మరలఁ బాడిన ముచ్చటలు నేఁటికిని జెప్పుకొందురు. గాయకుని కంఠము మెచ్చఁదగినదే కావచ్చును. కాని యట్టి పునరుక్తి కథను నడపదు, ఆపివేయును.

విద్యార్థులారా! ఇఁకమీఁద నొక వరుస మరల వచ్చినపుడు విసుగుచెందక, “ఈసారి యేమి మాఱినది? ఏల మాఱినది?” యని ప్రశ్నించుకొనుఁడు. సమాధానము దొరకెనేని యది వికాసము. దొరకదేని వట్టి ‘వన్సుమోరు’ మాత్రమే.