మూకుడులో నూనె.. గేటు దగ్గర గొడవ!

మిర్చి బజ్జీ ప్లేటుకి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులు కొడతాం. ఆ మూకుడులో మరుగుతున్న నూనె ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? చాలాసార్లు దాని సొంతూరు ఇండోనేషియానో, మలేషియానో అయి ఉంటుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ఏటా సుమారు 160 లక్షల టన్నులు ఓడల్లో దిగుతుంది. అందులో అన్నిటికంటే పెద్ద వాటా పామాయిల్‌ది.

‘ప్రపంచంతో కలిసి నడవాలా, ముందు మనోళ్లను కాపాడుకోవాలా’ అనే చర్చ టీవీలో వస్తే మనలో చాలామందిమి ఛానెల్ మార్చేస్తాం. అదేదో జెనీవాలో సూట్లు వేసుకున్నవాళ్ల పంచాయితీ అనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆ పంచాయితీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనే నడుస్తుంటుంది.

ఒకటే వార్త.. రెండు ఎమోజీలు

మా బాబాయికి అశ్వారావుపేట దగ్గర ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది. మా అక్క హైదరాబాద్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. 2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై సెస్సులతో కలిపి 5.5 శాతం ఉన్నది ఒక్కసారిగా 27.5 అయింది. శుద్ధి చేసిన నూనెపై 13.75 నుంచి 35.75కి పెరిగింది. ఆ లింకు గ్రూపులో పడగానే బాబాయి చప్పట్లు కొట్టాడు, అక్క ఎర్రమొహం ఎమోజీ పెట్టింది.

లెక్క వేసి చూడండి. ముడి నూనె కిలో 90 రూపాయలకి మన రేవుకి చేరిందనుకుందాం. పాత సుంకం ప్రకారం దాని మీద పడేది దాదాపు 5 రూపాయలు. కొత్త సుంకంతో అది దాదాపు 25. తేడా కిలోకి 20 రూపాయలు. పదిహేను కిలోల డబ్బాకి 300. “రోజుకో డబ్బా వాడతాను తమ్ముడూ. కూర ప్యాకెట్ రేటు పెంచితే పక్క కొట్టుకి పోతారు, పెంచకపోతే నా జేబుకి చిల్లు” అంది అక్క.

బాబాయి లెక్క వేరు. “2022లో టన్ను గెలలు 23 వేల దాకా అమ్మానురా. ఏడాది తిరిగేసరికి పన్నెండు, పదమూడు వేలకి వచ్చింది. ఎరువుల కొట్టువాడు తగ్గించాడా? గెల కోసే కూలి తగ్గిందా?” అన్నాడు. సుంకం పెరిగాక, 2024 చివరికల్లా గెల ధర మళ్లీ 20 వేల దరిదాపులకు చేరింది. 2025 మే చివర్లో ముడి నూనెపై సుంకాన్ని 16.5కి తగ్గించారు. ఈసారి చప్పట్లు అక్కవి, ఎర్రమొహం బాబాయిది.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇబ్బందంతా అక్కడే ఉంది.

ఒకప్పుడు మనమే పండించుకున్నాం

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. మంచి విత్తనం, గిట్టుబాటు ధర, దిగుమతులపై అదుపు.. ఈ మూడూ కలిసొచ్చి 1990ల మొదట్లో మనం వంటనూనెలో స్వయం సమృద్ధికి దగ్గరగా వచ్చాం. పసుపు విప్లవం అని పుస్తకాల్లో చదువుకునేది దీన్నే.

1994 నుంచి పామోలిన్ దిగుమతికి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాతి ఏళ్లలో సుంకాలు బాగా తగ్గించారు. చవక నూనె వరదలా వచ్చింది. పేదింటి పొయ్యి మీదకీ సరిపడా నూనె చేరింది. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి. కానీ వేరుశనగ, నువ్వులు, కుసుమలు వేసే మెట్ట రైతుకి ఆ చవక ధరతో పోటీ పడటం కష్టమైంది. జనాభా పెరిగింది, వేపుళ్ల వాడకం పెరిగింది, గింజల దిగుబడి ఆ వేగాన్ని అందుకోలేదు. చివరికి స్వయం సమృద్ధి పాఠ్యపుస్తకంలో ఉండిపోయింది.

ఇంకో మెలిక ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రతి దేశమూ ‘ఇంతకు మించి సుంకం వేయను’ అని మాట ఇస్తుంది. పామాయిల్ మీద మనం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 300 శాతం. సోయా నూనె మీద 45 శాతమే. పైగా ఆసియాన్ దేశాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చాక, ముడి పామాయిల్ సుంకాన్ని 37.5 శాతానికి, శుద్ధి చేసినదానిపై 45 శాతానికి దశలవారీగా దించుతామని ఒప్పుకున్నాం. అంటే ఇండోనేషియా, మలేషియాల విషయంలో కాగితం మీది 300కి అర్థమే లేదు. ఒప్పందం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మన వస్తువులకి వాళ్ల మార్కెట్ కావాలంటే, మన గేటు కొంత తీయాల్సిందే.

ఎవరిల్లు వాళ్లకి ముద్దు

అయితే ఆ మార్కెట్ మన చేతిలో ఉండదు కదా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది. అదే సమయంలో ఇండోనేషియాలోనూ వంటనూనె ధరలు మండాయి. ప్రపంచంలోనే అతిపెద్ద పామాయిల్ ఉత్పత్తిదారు అయిన ఆ దేశం, ఏప్రిల్ 28న ఎగుమతుల్ని ఆపేసింది. తమ జనం ముందు అనుకుంది. అయితే గెలలు కొనేవాళ్లు లేక అక్కడి రైతులే రోడ్డెక్కారు. మే 23న నిషేధం ఎత్తేశారు. నెల కూడా నిండలేదు, కానీ మన కిరాణా కొట్లలో గుండెలు జారాయి.

మనమేం తక్కువ తినలేదు. కశ్మీర్ మీద అప్పటి మలేషియా ప్రధాని మహాథిర్ చేసిన వ్యాఖ్యలు ఢిల్లీకి నచ్చలేదు. తర్వాత 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిపై ఆంక్షలు పెట్టాం. మలేషియా అమ్మకాలు దెబ్బతిన్నాయి, ఆ జాగాలోకి ఇండోనేషియా వచ్చింది. వంటనూనె ఒక్కోసారి దౌత్యానికీ పనికొస్తుందన్నమాట.

పూర్తిగా మూసేద్దామా?

“ఎందుకు ఈ గోలంతా, దిగుమతి ఆపేస్తే పోలా?” అంటాడు మా కజిన్ ఒకడు. పోదు. మన సొంత పామాయిల్ ఉత్పత్తి ఏటా నాలుగు లక్షల టన్నుల దరిదాపుల్లోనే ఉంది. దిగుమతి పక్కన అది ఏ మూలకి?

అసలు తమాషా ఏంటంటే, బాబాయి తోట కూడా ప్రపంచ సహకారం వల్లే నిలబడింది. ఆయిల్ పామ్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. పూలని పరాగ సంపర్కం చేసే చిన్న పురుగు కూడా అక్కడిదే. కామెరూన్ నుంచి 1981లో మలేషియాకి, ఆ తర్వాత మన దేశానికి దాన్ని తెచ్చుకున్నారు. అది లేకపోతే గెలలో కాయ సరిగ్గా పట్టదు. నేటికీ మన నర్సరీలు మొలక విత్తనాన్ని పెద్ద ఎత్తున విదేశాల నుంచే తెప్పించుకుంటున్నాయి. దాన్ని తగ్గించడానికే ఏలూరు దగ్గర పెదవేగిలోని ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ లాంటివి పనిచేస్తున్నాయి. గేటు మొత్తం మూస్తే మన రైతుకే ముందు ఊపిరాడదు.

‘దేశీయ పరిశ్రమ’ అనే మాట కూడా ఒక్క మనిషి పేరు కాదు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర నూనె శుద్ధి ఫ్యాక్టరీలున్నాయి. వాళ్లకి ముడి నూనె చవగ్గా రావాలి, శుద్ధి చేసిన నూనె మాత్రం ఖరీదవ్వాలి. 2025 మేలో జరిగింది అదే. రెండింటి సుంకాల మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. ఫ్యాక్టరీకి, అందులో కూలీకి మేలు. గెల రైతుకి కాదు.

గేటుకి తాళం వేసినా పక్క సందు ఉంటుంది. నేపాల్ ఆయిల్ పామ్ పండించే దేశం కాదు. అయినా దక్షిణాసియా ఒప్పందం కింద సుంకం లేకుండా అక్కడి నుంచి శుద్ధి చేసిన నూనె మనకి వస్తోంది. బయటి నుంచి ముడి నూనె తెచ్చి, శుద్ధి చేసి, ఇటు పంపడమే వ్యాపారం.

గేటుకి ఒక టైమ్‌టేబుల్

నా ఉద్దేశం చెబుతాను. సుంకం ఎక్కువా తక్కువా అన్నదానికంటే, అది ఎప్పుడు మారుతుందో తెలియకపోవడమే రైతుని ఎక్కువ చంపుతోంది. ఆయిల్ పామ్ నాటితే నాలుగో ఏడు గానీ గెల చేతికి రాదు. చెట్టు పాతికేళ్లకు పైగా ఉంటుంది. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, దాచుకుని ధర వచ్చాక అమ్ముదామంటే కుదరదు. పాతికేళ్ల పంటకి రాత్రికి రాత్రి వచ్చే నోటిఫికేషన్ జత కలిస్తే ఎలా?

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించింది. 3.5 లక్షల హెక్టార్ల సాగును 2025-26 కల్లా 10 లక్షలకు పెంచాలన్నది లక్ష్యం. ముడి నూనె ధరలో 14.3 శాతం లెక్కన గెలకి ధర కట్టాలని, ప్రపంచ మార్కెట్ పడిపోయి గిట్టుబాటు కాకపోతే ఆ తేడాని సర్కారు నేరుగా రైతు ఖాతాలో వేయాలని అందులో ఉంది. నాకు నచ్చిన దారి ఇదే. రైతుని సుంకంతో కాపాడితే ఆ భారం అక్క లాంటి వాళ్ల మీద, నెలకి రెండు ప్యాకెట్లు కొనే ఇంటి మీద పడుతుంది. తేడా ఖాతాలో వేస్తే ఖర్చు బడ్జెట్‌లో కనబడుతుంది, అందరం కలిసి మోస్తాం. షరతు ఒక్కటే. ఆ డబ్బు లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా టైముకి పడాలి.

సుంకం అసలు వద్దని కాదు. ప్రపంచ ధర ఇంతకు దిగితే ఇంత, ఇంతకు ఎక్కితే ఇంత అని ముందే ప్రకటించిన పట్టిక ఉంటే చాలు. నాటే రైతుకీ, డబ్బా కొనేవాళ్లకీ, ఓడ బుక్ చేసే వ్యాపారికీ రేపటి మీద ఒక అంచనా ఉంటుంది. నీళ్ల సంగతీ చూడాలి. ఆయిల్ పామ్ బాగా నీరు తాగే పంట. బోర్లు అడుగంటే చోట దాన్ని నాటించి, వేరుశనగనీ నువ్వునీ మర్చిపోతే అదీ స్వయం సమృద్ధి కాదు.

ఖమ్మం, భద్రాద్రి దాటి ఇప్పుడు తెలంగాణలోని చాలా జిల్లాల్లో కొత్తగా మొక్కలు నాటారు. వాటిలో చాలా వాటికి ఇంకా మొదటి గెల రాలేదు. ఆ మొక్కల్ని ఉంచాలా, పీకేయాలా అన్నది రేపటి ధర మీదే ఆధారపడి ఉంది.

అందుకే ఈసారి ‘దిగుమతి సుంకంలో మార్పు’ అని అలర్ట్ వస్తే పక్కకి తోసేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. ముడి నూనె మీదా, శుద్ధి చేసినదాని మీదా? ఎంతకాలం? రైతుకి రావాల్సిన తేడా ఖాతాలో పడిందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే గేటు ఎవరి కోసం తెరిచారో, ఎవరి కోసం వేశారో మీకే తెలిసిపోతుంది.