ఒకే దారిని రెండు వార్తలు

కోయంబత్తూరు సీమలో స్థిరపడిన మన కుటుంబాలవారికి పొల్లాచ్చి కొబ్బరితోటలను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఊరిలో 1944లో జన్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ గారి పేరు మాత్రం చాలామంది విని ఉండరు. నేడు మన ఇళ్ళలోని వైఫై పెట్టెలోను, చేతిలోని ఫోనులోను వారి ఊహ పనిచేస్తున్నది.

పదిహేనవ ఏట ఆయన నౌకాదళ శిక్షణలో చేరారు. దళంవారు పై చదువుకు ఢిల్లీ ఐ.ఐ.టి.కి పంపగా, 1973లో డాక్టరేటు పొందారు. ఈ మధ్యనే, 1971 డిసెంబరు 9న, పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి డయ్యూ సమీపాన మన ‘ఖుక్రీ’ నౌకను ముంచివేసింది. 194 మంది తిరిగి రాలేదు. నీటి అడుగున పొంచిన శత్రువును శబ్దంతో పసిగట్టే సోనార్ యంత్రం మన నౌకలలో చాలినంత దూరం వినలేకపోయేది. దానిని మెరుగుపరచే భారం ఈ యువ అధికారిపై పడింది. తరువాత ఆయన నాయకత్వాన ‘అప్సోహ్’ అనే స్వదేశీ సోనార్ తయారై 1983లో నౌక కెక్కింది. అనేక చెవులతో వినడం సోనారు కిటుకు. తరువాతి కథకంతకూ బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

1991లో, నలభై ఏడేళ్ళ వయసున, ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. రెండు ఏరియళ్ళ నుండి ఒకే తరంగం మీద రెండు వేర్వేరు వార్తలు ఒక్కసారే పంపి, అవతల రెండు ఏరియళ్ళతో వాటిని విడదీయవచ్చునన్నారు. థామస్ కైలాత్ గారితో కలిసి 1992లో దరఖాస్తు పెట్టగా, 1994లో పేటెంటు లభించింది. నిపుణులనేకులు పెదవి విరిచారు.

కలిసిపోయిన మాటలు విడివడడ మెట్లా? చిన్ననాటి లెక్క గుర్తుచేసుకోండి. రెండు కొబ్బరికాయలు, ఒక నిమ్మకాయ కలిపి ఇంత. ఒక కొబ్బరికాయ, మూడు నిమ్మకాయలు కలిపి ఇంత. దేని వెల ఎంత? రెండు వాక్యాలు వేరువేరుగా ఉంటేనే జవాబు వస్తుంది. గోడలకు, మేడలకు తగిలి చెదరిన తరంగాలు ఒక్కొక్క ఏరియలుకు ఒక్కొక్క పాళ్ళలో చేరుతాయి. రేడియో ఇంజనీర్లు ఎన్నాళ్ళుగానో తిట్టుకొన్న ఆ ప్రతిధ్వనులే ఇక్కడ రెండవ వాక్యాన్ని సమకూర్చాయి! వైఫై పెట్టెకు మూడు నాలుగు కొమ్ములు ఉంటే అలంకారానికని అనుకోకండి.

దీనిని ఆచరణలో నిరూపించడానికి 1998లో ఒక కంపెనీ స్థాపించారు. 2003లో ఇంటెల్‌వారు దానిని కొన్నారు. 2009 నాటి వైఫై ప్రమాణంలోను, పిదప 4జీలోను ఈ పద్ధతి చేరింది. 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోని బహుమతి లభించాయి. భారతదేశానికి 5జీ దారి సూచించిన సంఘానికి కూడ ఆయనే అధ్యక్షత వహించారు. ఆ నివేదిక 2018 ఆగస్టులో వెలువడింది. 2022 అక్టోబరులో ఇక్కడ 5జీ సేవలు మొదలైనాయి.