చేద నేర్పిన కొలత

మా నాయనమ్మ బావినుండి నీరు తోడునపుడు ప్రతి చేద బరువును ఆమె భుజమునకు తెలిసెడిది. కావున ఒక్క చెంబు నీరైనను వృథా కానిచ్చెడిది కాదు. కుళాయి వచ్చెను, బరువు పోయెను, దానితోపాటు కొలతయు పోయెను. 2004 నుండి హైదరాబాదునకు కృష్ణాజలము నాగార్జునసాగరమునుండి వంద కిలోమీటర్లకు పైగా యంత్రబలముతో ఎక్కివచ్చుచున్నది. ఆ శ్రమ మన చేతికి తెలియదు గదా!

పోయిన కొలతను మరల తెచ్చు సాధనములు కలవు. 1980లో ఆస్ట్రేలియాలో బ్రూస్ థాంప్సన్ అను నాతడు మరుగుదొడ్డి నీటితొట్టికి రెండు మీటలమర్చెను: ఒకటి నిండునీటికి, రెండవది సగమునకు. నేడు 6 లీటర్లు, 3 లీటర్లు విడుచు తొట్లు మన అంగళ్లలోనే దొరకుచున్నవి. నలుగురున్న ఇంట దినమునకు 20 మారులు మీట నొక్కుదురనుకొందము. 10 లీటర్ల పాతతొట్టికి 200 లీటర్లు కావలెను. కొత్తదానికి పెద్దమీట 4 మారులు, చిన్నమీట 16 మారులు నొక్కినచో 72 లీటర్లు చాలును. కుళాయి మూతికి బిగించు ఏరేటరను చిన్నజాలి నీటిలో గాలి కలిపి, ధార నిండుగా తోచునట్లే ఖర్చు తగ్గించును. విద్యార్థులు తమ యింటి లెక్క తామే వేసి చూతురుగాక.

అయినను సాధనము జాగ్రత్తకు బదులు కాదు. తొట్టిలో కొన్ని రంగుచుక్కలు వేసి, మీట నొక్కక అరగంట ఆగుడు. దిగువ రంగు కనిపించినచో తొట్టి చప్పుడు లేకుండ కారుచున్నదన్నమాట. మా యింట అట్లే కనిపించినది. రెండుమీటల తొట్టి కొంటినను గర్వముతో ఏడాదిపాటు దానివంక చూడనైతిని! అడుగు రబ్బరుబిళ్ల మార్చుటకు పావుగంట పట్టినది. నాయనమ్మ భుజమెరిగిన బరువును నాడు నా కన్నులెరిగినవి.