చిన్న కేసే అనుకున్నాం

మూడేళ్ళ కిందట డాలస్ దగ్గర స్నేహితుల ఇంట్లో దీపావళి పార్టీ. "మూడు పెగ్గులేగా, అదీ రెండు గంటల్లో" అంటూ మా ఆయన కారు తాళాలు తీసుకున్నారు. రాత్రిపూట హైవే మీద నడపాలంటే నాకు భయం. అందుకే నోరు మెదపలేదు. ఇంకో రెండు మైళ్ళలో ఇల్లనగా వెనక పోలీసు లైట్లు వెలిగాయి.

బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ చదివిన దాన్ని, ఆ లెక్క ముందే వేసుకోవాల్సింది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, విస్కీ అయితే 44 మి.లీ. మనవాళ్ళు పోసే లార్జ్ 60 మి.లీ. అంటే మూడు పెగ్గులు నాలుగు డ్రింకులు. రక్తంలో ఆల్కహాల్ గంటకి సుమారు 0.015 శాతమే తగ్గుతుంది. కాఫీ తాగినా, మజ్జిగ తాగినా ఆ వేగం పెరగదు. పరిమితి 0.08 (యూటాలో 0.05). మెషిన్ 0.09 చూపించింది.

ఆ రాత్రి ఆయన జైల్లో ఉన్నారు. పిల్లలు పక్కింటి అక్క దగ్గర ఉండటం మా అదృష్టం. టెక్సస్‌లో పదిహేనేళ్ళలోపు పిల్లలు కారులో ఉంటే మొదటిసారైనా అది ఫెలొనీ.

సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. పోలీసులిచ్చిన కాగితం సరిగ్గా చదవనూ లేదు. లైసెన్స్ పోకుండా ఉండాలంటే 15 రోజుల్లో హియరింగ్ అడగాలని అందులోనే ఉంది. గడువు దాటింది, 90 రోజులు లైసెన్స్ పోయింది. నేను భయపడ్డ ఆ హైవే మీదే రోజూ ఆయన్ని ఆఫీసులో దింపాను.

కోర్టు తేదీ రాకముందే కాన్సులేట్ నుంచి ఈమెయిల్ వచ్చింది, వీసా రద్దయిందని. 2015 నుంచి ఉన్న పద్ధతి ఇది. శిక్ష పడక్కర్లేదు, గత ఐదేళ్ళలో తాగి నడిపి అరెస్టయితే చాలు. అప్పుడు ఏడుస్తూ ఒక వదినకి ఫోన్ చేశాను. "క్రిమినల్ లాయర్ ఒక్కడే చాలడు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ అడుగు" అంది. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. నేరం ఒప్పుకుని డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకుంటే టెక్సస్ లెక్కలో శిక్ష కాకపోవచ్చు గానీ, ఇమ్మిగ్రేషన్ లెక్కలో శిక్షే. మేం ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలకి కేసు కొట్టేశారు. వీసా మాత్రం తిరిగి రాలేదు.

అమెరికాలో ఉన్నంతకాలం ఉద్యోగానికి ఇబ్బంది లేదన్నారు. దేశం దాటితే మాత్రం కొత్త స్టాంపింగ్ కావాలి. అంతలో తెనాలిలో మామయ్యగారు పోయారు. ఈయన పెద్ద కొడుకు. వెళ్ళారు. కర్మలు అయ్యాక కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర పరీక్షలు, ఎదురుచూపులు. తిరిగి రావడానికి పదకొండు వారాలు పట్టింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నాకిక్కడ నిద్ర లేదు.

"కేసు కొట్టేశారుగా, ఫారంలో 'నో' అని పెట్టేయండి" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. డీఎస్-160లో ప్రశ్న "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని కూడా. వేలిముద్రలు అబద్ధం చెప్పవు. అబద్ధం రాస్తే అసలు కేసు కంటే అదే పెద్ద ముప్పు. 'ఎస్' అని పెట్టి కోర్టు కాగితాలు జతచేశాం.

సెల్ఫ్ చెకౌట్ దగ్గర కావాలని స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకున్న వస్తువూ ఇలాంటిదే. దొంగతనం నైతికతకి సంబంధించిన నేరం కింద లెక్కేస్తారు కాబట్టి, వీసాకి ఒక్కోసారి తాగి నడపడం కంటే ఎక్కువ చేటు. ఫైన్ కట్టేసి వదిలించుకుందామని తొందరపడి నేరం ఒప్పుకోకండి.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే దాచుకోకండి. ఆ కాగితం ఆ రోజే చదవండి, ఇద్దరు లాయర్లకీ ఫోన్ చేయండి.

ఇప్పుడు పార్టీకి బయల్దేరే ముందే మా ఇంట్లో తాళాలు నా చేతికొస్తాయి. హైవే అంటే నాకిప్పుడు భయం లేదు. ఆ భయం ఆ దీపావళికే పోయుంటే ఎంత బాగుండేదో!