చిన్న వాల్వు యాంప్లిఫయరు

ఎలక్ట్రిక్ గిటారు తీగ మీటితే పుట్టే విద్యుత్సంకేతం చాలా బలహీనం. దాన్ని పెంచి లౌడ్‌స్పీకరుకు అందించేదే యాంప్లిఫయరు. 2000 తరువాతి దశకంలో ఎపిఫోన్ కంపెనీ చవకగా అమ్మిన ‘వాల్వ్ జూనియర్’ శక్తి 5 వాట్లే. అంటే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడుకునేంత! అయినా ఒక గదికి అది చాలు. ఎందుకంటే 50 వాట్ల యాంప్లిఫయరు మోత మన చెవికి దీనికి పదిరెట్లుగా కాదు, సుమారు రెండింతలుగానే తోస్తుంది.

ఇందులో వాల్వులు రెండే. మొదటిది సంకేతపు వోల్టేజిని పెంచుతుంది. రెండవది స్పీకరును కదిలించే శక్తినిస్తుంది. వాటి నడుమనున్న కెపాసిటరు తీసి, తక్కువ విలువ గలదాన్ని సోల్డరు చేస్తే మంద్రస్వరాలు తగ్గి ధ్వని తేటపడుతుంది. విడిభాగాలు కొద్దే కనుక ఎందరో ఔత్సాహికులు దీన్ని కొని ఇలా మార్చుకున్నారు.

అయితే జాగ్రత్త! ఈ వాల్వులు పనిచేయాలంటే సుమారు 300 వోల్టులు కావాలి. ఆ వోల్టేజిని నిలకడగా ఉంచే పెద్ద కెపాసిటర్లు, ప్లగ్గు పీకేశాక కూడా విద్యుదావేశాన్ని దాచుకొని వుంటాయి. తాకితే ప్రాణాపాయం! అందుకే తెలిసినవారు వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరులో సున్నా చూశాకనే చేయి పెడతారు. అనుభవజ్ఞులు పక్కన లేనిదే మీరు మూత విప్పకండి.