అధ్యక్షుని రెండవ కొలువు

2004 నవంబరు 2వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలు జార్జి డబ్ల్యు. బుష్‌ను రెండవసారి అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. ఆయన తిరిగి ప్రమాణ స్వీకారం చేయవలసిన తేదీ 2005 జనవరి 20. ఈ పదకొండు వారాల వ్యవధిలో మంత్రివర్గంలోని పదిహేను శాఖలలో తొమ్మిదింటికి కొత్త అధిపతుల పేర్లు వెలువడ్డాయి. ఓడిపోయిన ప్రభుత్వంలోని మంత్రులు ఇంటిదారి పట్టడంలో వింత లేదు. గెలిచిన అధ్యక్షుని కొలువు నుండి ఇంతమంది ఎందుకు వైదొలగినట్లు?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే అక్కడి మంత్రి పదవి స్వభావాన్ని ముందుగా గ్రహించాలి. మన దేశంలో మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. సార్వత్రిక ఎన్నికలు ముగిసిన తరువాత, గెలిచింది పాత పక్షమే అయినా, కొత్త మంత్రిమండలి ఏర్పడి సభ్యులందరూ మళ్లీ ప్రమాణం చేస్తారు. మంత్రి అయిన వ్యక్తి ఆరు నెలలలోగా పార్లమెంటు సభ్యుడు కాకపోతే పదవి నిలవదు. అమెరికాలో పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. కాంగ్రెసు సభ్యుడెవరైనా మంత్రి కాదలిస్తే ముందు తన సభ్యత్వాన్ని వదులుకోవాలి. అక్కడ శాఖాధిపతిని ‘సెక్రటరీ’ అని వ్యవహరిస్తారు. మన సచివాలయాలలోని కార్యదర్శులతో వీరిని పోల్చరాదు. హోదాలో వీరు మంత్రులే. అందుచేతనే మన పత్రికలు వీరిని మంత్రులని వ్రాస్తాయి.

అధ్యక్షుడు సూచించిన వ్యక్తిని సెనేట్ ఆమోదించాలి. ఆ తరువాత ఆ మంత్రి కొలువులో ఉండడమూ, వెళ్లిపోవడమూ అధ్యక్షుని ఇష్టాన్ని అనుసరించి జరుగుతాయి. ఈ అధికారం వివాదం లేకుండా స్థిరపడినది కాదు. మంత్రిని తొలగించడానికి కూడా సెనేట్ సమ్మతి కావాలని 1867లో కాంగ్రెసు ఒక చట్టం చేసింది. దానిని లెక్కచేయక అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ యుద్ధశాఖ మంత్రి స్టాంటన్‌ను తొలగించి, 1868లో అభిశంసనకు గురయ్యాడు. ఒకే ఒక్క వోటు తేడాతో ఆయన పదవి దక్కింది. ఆ చట్టం 1887లో రద్దయింది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. అధ్యక్షుని మొదటి పదవీకాలం ముగిసినంత మాత్రాన మంత్రుల పదవి దానంతటదే ముగియదు. కొనసాగేవారికి మళ్లీ సెనేట్ ఆమోదం అక్కరలేదు. కనుక రెండవ పదవీకాలం మొదట్లో కనిపించే ఈ మార్పులను రాజ్యాంగం విధించలేదు. అవి మనుషుల నిర్ణయాలు. నాలుగేళ్ల శ్రమతో అలసినవారు కొందరు, వెలుపల మంచి ఆదాయం ఉన్న ఉద్యోగాలను కోరుకునేవారు కొందరు తామే తప్పుకుంటారు. మరికొందరికి తప్పుకోవలసిన సమయం వచ్చిందని సూచన అందుతుంది. రాజీనామా లేఖను బట్టి మాత్రం ఈ రెండు తెగలనూ వేరుచేసి చెప్పడం కష్టం.

మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్ కొలువులోనే ఇది ఆరంభమయింది. ఆయన రెండవ పదవీకాలం 1793 మార్చిలో మొదలుకాగా, ఆ సంవత్సరాంతానికి విదేశాంగ మంత్రి జెఫర్సన్ వెళ్లిపోయాడు. జెఫర్సన్‌తో నిత్యం విభేదించిన ఆర్థిక మంత్రి హామిల్టన్ 1795 జనవరిలో తప్పుకున్నాడు. ఎదురెదురు అభిప్రాయాలు గల ఇద్దరు మేధావులను ఒకే కొలువులో కూర్చోబెట్టుకోగలిగిన వాషింగ్టన్‌కు ఆ తరువాత అంతటివారు దొరకలేదు.

రిచర్డ్ నిక్సన్ ఈ పనిని అతి మొరటుగా చేశాడు. 1972లో 49 రాష్ట్రాలను గెలుచుకున్న మరునాడే, విజయోత్సాహంతో ఉన్న మంత్రులనూ ముఖ్య సిబ్బందినీ పిలిపించి, అందరూ రాజీనామాలు సమర్పించాలని ఆదేశించాడు. గెలుపు కోసం శ్రమించినవారికి దక్కిన బహుమానం అది! తాను చేసింది పొరపాటని నిక్సన్ తరువాత తన జ్ఞాపకాలలో అంగీకరించాడు.

బుష్ అటువంటి ఆదేశం ఇవ్వలేదు. న్యాయశాఖకు అధిపతి అయిన అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ ఎన్నికల తేదీతోనే అయిదు పుటల రాజీనామాను స్వహస్తంతో వ్రాశాడు. విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ నిష్క్రమణ నవంబరు 15న వెల్లడయింది. ఒక్క పదవీకాలమే పనిచేయాలన్నది మొదటినుండీ తన ఉద్దేశమని ఆయన చెప్పాడు. అయితే పావెల్ సామాన్యుడైన మంత్రి కాడు. సైన్యాధికారిగా యుద్ధాన్ని దగ్గరనుండి చూసినవాడు. ఇరాక్‌పై దండెత్తితే ఎదురయ్యే చిక్కులను అధ్యక్షునికి ముందుగానే విన్నవించినవాడు. అయినప్పటికీ 2003 ఫిబ్రవరి 5న భద్రతామండలిలో ఇరాక్ వద్ద మారణాయుధాలున్నాయని వాదించినవాడూ ఆయనే. ఆ ఆయుధాలు దొరకలేదు. ఆ ప్రసంగం తన పేరుకు మచ్చ అని ఆయన 2005లో ఒప్పుకున్నాడు.

వెళ్లినవారికంటె వచ్చినవారిని పరిశీలిస్తే అధ్యక్షుని అభిమతం స్పష్టమవుతుంది. పావెల్ స్థానంలో జాతీయ భద్రతా సలహాదారు కండోలిజా రైస్ నియమితురాలయింది. యాష్‌క్రాఫ్ట్ స్థానం శ్వేతసౌధంలో న్యాయసలహాదారుగా ఉన్న ఆల్బర్టో గొంజాలెస్‌కు దక్కింది. విద్యాశాఖలో రాడ్ పేజ్ తరువాత వచ్చిన మార్గరెట్ స్పెల్లింగ్స్ కూడా శ్వేతసౌధపు సలహాదారే. ముగ్గురూ అధ్యక్షునికి అత్యంత సన్నిహితులు. దీనిని సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. ప్రజలు ఎన్నుకున్నది అధ్యక్షుని. ఆయన విధానాన్ని మనసారా అమలుచేసేవారే మంత్రులు కావాలి. రైస్ పలికితే అది బుష్ పలుకేనని విదేశాలు నమ్మగలిగాయి. పావెల్‌కు ఆ వెసులుబాటు ఎన్నడూ లేదు. కాని ప్రభువు మనసెరిగి మాట్లాడేవారే చుట్టూ చేరినప్పుడు, వద్దని చెప్పేవారెవరు? 1996లో బిల్ క్లింటన్ తన రెండవ కొలువు కోసం ప్రతిపక్షానికి చెందిన విలియం కోహెన్‌ను రక్షణమంత్రిగా ఎంచుకున్నాడు. ఆ మార్గమూ ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

సెనేట్ పరిశీలన ఇటువంటి ఎంపికలకు కొంత అడ్డుకట్ట. మంత్రి పదవికి సూచించిన వ్యక్తిని సెనేట్ వోటు ద్వారా తిరస్కరించడం మిక్కిలి అరుదు. 1989లో జాన్ టవర్ విషయంలో అలా జరిగింది. పరిశీలన భయంతో అభ్యర్థులే వెనుదిరగడం అంత అరుదు కాదు. స్వదేశ భద్రతాశాఖకు సూచితుడైన బెర్నార్డ్ కెరిక్, తన ఇంట పనిచేసిన ఆయా వలస పత్రాల గురించీ, పన్నుల గురించీ చిక్కులున్నాయని వారం దినాలకే తప్పుకున్నాడు. రైస్‌కు 85–13 వోట్లతోను, గొంజాలెస్‌కు 60–36 వోట్లతోను ఆమోదం లభించింది. ఈ రెండవ సంఖ్యలో ఉన్న సందేహం వృథా పోలేదు. 2006 డిసెంబరులో పలువురు ఫెడరల్ ప్రాసిక్యూటర్లను రాజకీయ కారణాలతో తొలగించారన్న ఆరోపణలు రేగి, గొంజాలెస్ 2007 ఆగస్టులో రాజీనామా ప్రకటించవలసి వచ్చింది.

మారనివారి కథ కూడా గమనింపదగినది. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ కారాగారంలో బందీలపై సాగిన అత్యాచారాలు 2004లో బయటపడినప్పుడు రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ రెండుసార్లు రాజీనామా చేస్తానన్నాడు. బుష్ అంగీకరించలేదు. రెండవ పదవీకాలంలోనూ ఆయననే కొనసాగించాడు. 2006 నవంబరు 7న జరిగిన ఎన్నికలలో కాంగ్రెసు ఉభయసభలూ అధ్యక్షుని పక్షం చేజారిన తరువాత, మరునాడే రమ్స్‌ఫెల్డ్ నిష్క్రమణ ప్రకటన వచ్చింది. ఆయన స్థానంలో వచ్చిన రాబర్ట్ గేట్స్‌ను 2009లో అధికారం చేపట్టిన బరాక్ ఒబామా, ప్రతిపక్షం వాడైనప్పటికీ, అదే పదవిలో ఉంచుకున్నాడు. అధ్యక్షుడు మారాడు, పక్షం మారింది. గేట్స్ మాత్రం సెనేట్ ముందు మళ్లీ నిలువనవసరం లేకుండానే 2011 దాకా రక్షణశాఖను నడిపాడు.