రిపోర్టులో ‘ఎల్’ అక్షరం

నాచారంలో పిల్లల డాక్టరు దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, “మా వాడికి డీ తక్కువట” అనే మాట చెవిన పడుతుంది. మా మనవడి విటమిన్ డీ రిపోర్టులోనూ అదే. అంకె 17. పక్కన లావుపాటి అక్షరంతో ‘ఎల్’, అంటే తక్కువని. కోడలు ఆ కాగితం పట్టుకొచ్చి, “మామయ్యా, డీ తక్కువున్న పిల్లలు లావైపోతారంట, రేపు షుగర్ కూడా వస్తదంట, నిజమేనా?” అని అడిగింది. ఫోన్లో ఏదో వీడియో చూసిందట.

ముందు ఆ ఎల్ సంగతి చూద్దాం. చాలా ల్యాబులు మిల్లీలీటరు రక్తంలో 30 నానోగ్రాముల దగ్గర గీత గీసి, దాని కింద ఉన్నవన్నీ తక్కువే అని అచ్చేస్తాయి. ఆ 30 అంకె 2011లో అమెరికా హార్మోన్ వైద్యుల సంఘం పెట్టింది. 2024లో వాళ్లే దాన్ని పక్కన పెట్టేశారు. పిల్లల్లో ఎముకలు మెత్తబడే రికెట్స్ గురించి 2016లో పలుదేశాల వైద్యులు కలిసి ఒప్పుకున్న లెక్కలో 12 లోపు అయితే లోపం, 12కీ 20కీ మధ్య అయితే చాలీచాలనిది, 20 దాటితే సరిపోయినట్టే. మావాడిది చాలీచాలని కోవ. కంగారు పడాల్సిందేమీ లేదు, పట్టించుకోకుండా వదిలేయాల్సిందీ కాదు.

ఆ 12 గీతతోనే 2016–18లో దేశమంతటా పిల్లల పోషకాహార సర్వే చేశారు. 1–4 ఏళ్ల వాళ్లలో 14 శాతం మందికి, 5–9 ఏళ్లలో 18 శాతానికి, 10–19 ఏళ్లలో 24 శాతానికి డీ లోపం తేలింది. పెద్దయ్యేకొద్దీ పెరుగుతోంది చూశారా! నన్నడిగితే ట్యూషన్ల వరసా అలాగే పెరుగుతుంది.

“రోజూ పొద్దున్నే ఏడింటికి బాల్కనీలో ఎండ తగలనిస్తున్నా కదా” అంది కోడలు. ఈ లేత ఎండ నమ్మకం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. మన చర్మంలో కొలెస్టరాల్‌కి ఒక్క అడుగు ముందుండే పదార్థం ఒకటుంది. అతినీలలోహిత ‘బి’ కిరణాలు తగిలితే అది విటమిన్ డీగా మారుతుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా, గాలిపొరల్లో చాలా దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి ఆ కిరణాలు దారిలోనే అరిగిపోతాయి. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం ఆ పదార్థాన్ని చిన్న ఆంపూళ్లలో పోసి, గంటగంటకీ ఎండలో పెట్టి కొలిచింది. మార్పు బాగా జరిగింది పగలు 11 నుంచి 2 దాకా. ఆ వివరాలు 2013లో అచ్చయ్యాయి. అద్దం తలుపు వేసుకుంటే, స్కూలు బస్సు కిటికీ మూసుకుంటే వేడి వస్తుంది గానీ ఆ కిరణాలు రావు.

మీరే చూసుకోవచ్చు: నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. ఉప్పల్లో ఏప్రిల్లో తొమ్మిదిన్నరకే నీడ పొట్టిదైపోతుంది, కాబట్టి వడగాలి మొదలయ్యేలోపే పిల్లల్ని లోపలికి పిలిచేయొచ్చు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం అటూ ఇటూ కలిపి రెండున్నర గంటలే దొరుకుతుంది. చామనఛాయ ఒంటికి తెల్లటి ఒంటికన్నా ఎక్కువసేపు కావాలి.

సరే, ఒకే ఎండలో ఆడే ఇద్దరు పిల్లల్లో ఒకడికి 25, ఒకడికి 17 ఎందుకు? ఇక్కడ జన్యువులు వస్తాయి. మనం ఉండేది వాటిని పరిశోధించే సంస్థల పేటలోనే కదా: హబ్సిగూడలో సీసీఎంబీ, ఇటు ఉప్పల్లో సీడీఎఫ్‌డీ. రెండోది ఒకప్పుడు నాచారం ఈసీఐఎల్ రోడ్డులోనే ఉండేది. 2010లో సుమారు 30 వేలమంది ఐరోపా సంతతివాళ్ల జన్యువుల్ని గాలించినప్పుడు ముఖ్యంగా మూడు చోట్లు తేలాయి. ఒకటి చర్మంలోని ముడిసరుకు కొలెస్టరాల్‌గా మారిపోయే పనిది. రెండోది కాలేయంలో డీని నిలవరూపానికి మార్చే ఎంజైముది. మూడోది జీసీ. అది రక్తంలో డీని మోసే ప్రొటీన్ తయారుచేసే జన్యువు. ఆ ప్రొటీన్ ఉప్పల్ రింగ్ రోడ్డు షేర్ ఆటో లాంటిది. డీ దాదాపు అంతా దాన్లోనే తిరుగుతుంది, పరీక్ష లెక్కపెట్టేదీ ముఖ్యంగా ఆ ప్రయాణికుల్నే. కొందరికి పుట్టుకతోనే ఆటోలు తక్కువ, అందుకని అంకె కూడా తక్కువే కనిపిస్తుంది. మూడు చోట్లా తగ్గించే రకాలే ఎక్కువ పడ్డవాళ్లకి డీ తక్కువుండే అవకాశం సుమారు రెండున్నర రెట్లు.

ఇక కోడలి అసలు ప్రశ్న. లావుపాటి పిల్లల్లో డీ తక్కువుంటుందన్నది నిజమే. కానీ ఏది కారణం, ఏది ఫలితం? దీన్ని తేల్చడానికీ జన్యువులే సాయం వచ్చాయి. అవి పుట్టకముందే పంచబడతాయి, తర్వాత మన అలవాట్లు వాటిని మార్చలేవు. విమలేశ్వరన్ బృందం 2013లో 42 వేలమందిలో ఇలా చూసింది: లావయ్యే జన్యువులున్నవాళ్లకి డీ తగ్గింది, డీ తగ్గించే జన్యువులున్నవాళ్లు లావు కాలేదు. డీ కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఒంట్లో కొవ్వు పెరిగితే అది అక్కడే ఉండిపోతుందని ఒక వివరణ. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 2,423 మంది పెద్దవాళ్లలో కొందరికి రోజూ 4,000 యూనిట్ల డీ, మిగతావాళ్లకి ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వస్తే, షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డీ ఎముకలకి కావాలి, అందులో అనుమానం లేదు. షుగర్‌ని ఆపే తాయెత్తు మాత్రం కాదు.

“మావాడు సన్నగానే ఉన్నాడుగా” అంటారు చాలామంది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ 2003లో చూపించింది గుర్తుంచుకోవాలి: అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు, ఇంగ్లండ్ సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలతో. బరువులో అంత తేడా ఉన్నా వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి మన పిల్లల్లో బరువుతోపాటు నడుం చుట్టుకొలత కూడా చూడాలి.

మందు సంగతి. మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల పొట్లం చాలామంది డ్రాయర్లలో ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పిల్లలకి రోజుకి 600 యూనిట్లు కావాలి. అంటే ఒక్క పొట్లం నూరు రోజుల సరుకు. డాక్టరు చెప్పిన వారాలు అయిపోయాక కూడా “మంచిదేగా” అని వారానికోటి పాలల్లో కలిపి ఇస్తూ పోతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దాహం, వాంతులు, మలబద్ధకం వస్తాయి, కిడ్నీ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. పాల ప్యాకెట్ మీద నీలిరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తుంటే అందులో ఏ, డీ విటమిన్లు కలిపారని. అది చూసి కొంటే చాలు, ప్రత్యేకంగా వెతకక్కర్లేదు. కాల్షియం తగినంత లేకపోతే ఉన్న డీ కూడా త్వరగా ఖర్చవుతుంది, అందుకే పెరుగన్నం మానిపించొద్దు. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

మళ్లీ పరీక్ష ఎప్పుడంటే, మూడు నెలలయ్యాక. రక్తంలో ఈ నిలవరూపం సగానికి తగ్గడానికే రెండుమూడు వారాలు పడుతుంది. నెలలోపు గుచ్చి చూస్తే కొత్త అంకె ఇంకా కుదురుకోదు, పిల్లాడు ఏడవడమే మిగులుతుంది.